ఎర్రసిరాతో గీసిన గడి

పెద్ద నర్సమ్మ అద్దం ముందు నిలబడి యూనిఫామ్‌కి బ్యాడ్జీ పెట్టుకుంటూ ఉండగా వీధి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే కూతురు. చేతిలో సంచీ లేదు, వెంట పిల్లలు లేరు, జుట్టు దువ్వుకున్న జాడ లేదు. ఇంటి ముందు రెండు కార్లు నిలబెట్టుకున్న మనిషి బస్సెక్కి వచ్చింది. గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "అమ్మా, కాస్త కూర్చుంటాను" అంటూ లోపలికొచ్చి, కిటికీ పక్కనున్న చెక్క కుర్చీలో కూలబడింది.

ఏ తల్లయినా ఆ మొహం చూస్తే ముందు గ్లాసెడు మంచినీళ్ళిస్తుంది. ఏ నర్సయినా చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది. ఈవిడ తల్లీ, నర్సూ కూడా... అయినా రెండూ చెయ్యలేదు. ముప్ఫై మూడేళ్ళ అలవాటు కొద్దీ ఆవిడ చూపు నేరుగా కూతురి పొట్ట మీదికి పోయింది.

"ఎన్నో నెల?" అంది.

"రెండు నిండి మూడు."

పెద్ద నర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. బ్యాడ్జీ తీసి బల్ల మీద విసిరేసింది. "ఈ మాట చెప్పడానికి నీకు ఇవాళే దొరికిందా? నెలాఖరుకి రిటైరవుతున్నానని ఇంకో మూడు గంటల్లో నాకు సన్మానం. జనాభా దినోత్సవం... ఊరంతా వస్తుంది. ఒకరో ఇద్దరో చాలు, ఆ పైన వద్దు అని ఇంటింటికీ తిరిగి చెప్పిన నోరు నాది. నా కడుపున పుట్టిన దానికే నాలుగోదా? మూడో కాన్పుకే నలుగురూ నా వంక చూసి నవ్వారు. చదువుకున్నదానివి, ఆ మాత్రం జాగ్రత్త ఉండక్కర్లా?"

కూతురు కళ్ళు మూసుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తల్లి దాన్ని మొండితనం అనుకుంది.

ఆవిడ గురించి కాస్త చెప్పుకోవాలి. ఆ పేటలో ఆడవాళ్ళ ఆస్పత్రి ఒక్కటే, అందులో పెద్ద నర్సు ఆవిడే. రెండో కాన్పు కాగానే ప్రతి తల్లి మంచం పక్కనా నిలబడి "ఇక చాలమ్మా" అనేది. అందుకే పేటంతా ఆవిడకి చాలమ్మ అని పేరు పెట్టింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, మురిసిపోయింది. ఆస్పత్రి హాలు గోడ మీద గుండ్రంగా భూమి బొమ్మ వేయించి, దాని మీద జనం కిక్కిరిసి అంచుల నుంచి జారి పడిపోతున్నట్టు గీయించింది. బొమ్మ కింద తన చేతి రాతతో "నేల అంతే ఉంది, నీళ్ళు అంతే ఉన్నాయి, మనుషులే పెరుగుతున్నారు" అని రాసింది. తను మాత్రం ఒక్క కూతురితో సరిపెట్టుకుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానంటే ఆవిడ మొగుడు చదువుతున్న పేపర్లోంచి తల ఎత్తకుండానే ఫారం మీద సంతకం పెట్టాడట. పోయినాయన మంచివాడు. ఆ సంతకం కోసం ఆవిడ ఒక్క మాట కూడా ఖర్చు పెట్టలేదు. దాంతో లోకంలో అందరు మొగుళ్ళూ అలాగే పెడతారని, పెట్టించుకోలేని ఆడదానికే చేతకాదని ఆవిడ అనుకునేది.

ఆవిడకి ఇంకో గొప్ప కూడా ఉంది. భర్త సంతకం లేని ఫారం ఆవిడ చేయి దాటి లోపలికి పోయిన దాఖలా లేదు. దొంగ సంతకాలు ఇట్టే పట్టేసేది. ఒకసారి, వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ, మొగుడి వేలిముద్ర అని చెప్పి ఒక ఫారం తెచ్చింది. పెద్ద నర్సమ్మ ఆ ముద్ర వంక చూసి, "మీ ఆయన బొటనవేలు ఇంత వెడల్పా? పైగా పగుళ్ళు కూడానా?" అని నిలదీస్తే, ఇస్త్రీ ఆవిడ తల దించుకుని తన కాలి వంక చూసుకుంది. కాలి బొటనవేలికి సిరా ఇంకా ఆరలేదు. ఆ కథ చెప్పి పెద్ద నర్సమ్మ ఎన్ని మీటింగుల్లో ఎంతమందిని నవ్వించిందో. ఇవాళ కూడా చెప్పాలని ముందే అనుకుంది.

"లే. మొహం కడుక్కో. మీ ఆయనకి ఫోన్ చేసి..." అంటూ ఉండగానే కూతురు లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. అప్పుడు కనపడింది పెద్ద నర్సమ్మకి. కుర్చీ చెక్క మీద నుంచి నెత్తురు బొట్టు బొట్టుగా గచ్చు మీద పడుతోంది. ఎంతసేపటి నుంచి పడుతోందో... తను తిడుతున్నంతసేపూ పడుతూనే ఉంది.

"పొద్దున నాలుగింటి నుంచీ అమ్మా," అంది కూతురు. "చెప్పనిస్తేగా."

ఆస్పత్రి ఆ ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే. దుప్పటి చుట్టి, పక్కింటి వాళ్ళని కేకేసి, మోసినట్టే పక్క గుమ్మం గుండా లోపలికి తీసుకెళ్ళారు. పిల్లలు ముగ్గురూ స్కూల్లో ఉన్నారని, ఎనిమిదింటికి బస్సెక్కించాకే తను బయలుదేరానని దారిలో కూతురు చెప్పింది. అంటే నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆ ఒంటితో టిఫిన్ డబ్బాలు సర్దింది, బూట్లు తొడిగింది. మీ ఆయన ఏం చేస్తున్నాడు అని తల్లి అడిగితే, "నీ సన్మానం ఏర్పాట్లకని ఐదింటికే వెళ్ళాడు" అంది.

నిజమే. ఆస్పత్రి ముందు ఆవరణలో షామియానా వేసి ఉంది. వంద కుర్చీలు, వేదిక మీద పొడుగాటి బల్ల, బల్ల మీద వరసగా నీళ్ళ సీసాలు. ఆ సీసాలు అల్లుడి ఫ్యాక్టరీవే. జనాభా దినోత్సవానికి నీళ్ళు తనే ఉచితంగా ఇస్తానన్నాడు, సీసాల మీది పేరు కెమెరాలో పడేలా తిప్పి పెట్టమని పనివాళ్ళకి చెబుతున్నాడు. ఆస్పత్రి వెనక వీధిలోనే ఆ ఫ్యాక్టరీ. అతను మూడు లోతైన బోర్లు వేసిన ఏడాదికే పేటలో పంపులన్నీ గాలి కక్కడం మొదలుపెట్టాయి. ఆస్పత్రి కుళాయి మీద "నీళ్ళు రావు" అని కాగితం అంటించి నాలుగు నెలలైంది. ఆ కాగితం ఎదురుగా బెంచీల మీద పొద్దున ఏడింటి నుంచి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఇస్త్రీ ఆవిడ కూడా ఉంది, ఒళ్ళో చంటిదానితో. దాహం వేస్తే వాళ్ళు షామియానా వైపు చూడటమే కానీ, లేచి వెళ్ళి ఒక సీసా తీసుకునే ధైర్యం ఎవరికీ లేదు. అవి పెద్దవాళ్ళ కోసం పెట్టినవి మరి.

డాక్టరమ్మ గంటసేపు లోపలే ఉంది. పెద్ద నర్సమ్మ చేతులు కట్టుకుని తలుపు బయట నిలబడింది. తన ఆస్పత్రిలో, తన వార్డు బయట, ఎవరో పేషెంటు తాలూకు మనిషిలాగా... తలుపు తెరుచుకుంది.

"పోయింది సిస్టర్‌గారూ," అంది డాక్టరమ్మ. "బిడ్డ నిలవలేదు. తల్లి నిలిచింది, అదే గొప్ప. రక్తం ఎక్కిస్తున్నాను. కానీ ఒక మాట చెప్పాలి. మూడుసార్లు కోసిన గర్భసంచి అది. కుట్లున్న చోట కాగితం పొరంత మిగిలింది. ఇంకోసారి నిలిస్తే నెలలు నిండకముందే పగులుతుంది. అప్పుడు నా దాకా తీసుకొచ్చే టైం కూడా ఉండదు. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసేస్తాను. ఫారం పూర్తి చేయించండి."

చిన్న నర్సు ఫారం పట్టుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పెద్ద నర్సమ్మ దగ్గరే పని నేర్చుకుంది. ఫారం ఇచ్చి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. "అక్కా... ఆ సంతకం గడి," అంది మెల్లిగా.

"తెలుసు. ఆయన బయటే ఉన్నాడు. నేను పెట్టించుకొస్తాను" అని పెన్ను తీసుకుని బయలుదేరింది పెద్ద నర్సమ్మ. చూడండి, అప్పటికి కూడా ఆవిడకి అనుమానం రాలేదు. కూతురి నెత్తురు తన చెప్పులకి అంటుకుని ఉంది, అయినా కాళ్ళు ఆ గడి నింపడానికే నడిచాయి.

అల్లుడు విషయం విని ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొహం నిజంగానే పాలిపోయింది. చెడ్డవాడనుకోకండి. పెళ్ళాం మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, పిల్లలంటే ప్రాణం. "ఇంట్లోనే ఉందనుకున్నానే... నాకొక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు. ఇప్పుడెలా ఉందని రెండుసార్లు అడిగాడు. పర్వాలేదని తెలిశాక గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఒక సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశాడు. అప్పుడు ఆవిడ ఫారం తీసింది.

అతను చదివాడు. మడతపెట్టి తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడెందుకు లెండి అత్తయ్యగారూ ఇది. ముందు కోలుకోనివ్వండి."

"కోలుకున్నాక కాదు బాబూ, రేపే చెయ్యాలంటోంది డాక్టరమ్మ. ఇంకోసారి నిలిస్తే మనిషి దక్కదు."

"జాగ్రత్తగా ఉంటాం."

"పోయినసారీ ఆ మాటే అన్నావు కదా బాబూ."

అతనికి విసుగొచ్చింది. గొంతు తగ్గించాడు. "ఆ ఆపరేషన్ చేయించుకున్న ఆడది మునుపటిలా ఉండదంటారు. మా పెద్దమ్మని చూశాగా, నడుం వంగిపోయింది. అయినా ఈ జనాభా గొడవ మనకెందుకండీ? పెట్టలేని వాళ్ళకి ఆ బాధ. నేను పదిమందినైనా పెంచగలను. ఇల్లు నిండుగా ఉంటే నాకిష్టం, అందులో తప్పేముంది?" అని ఆగి, నవ్వు మొహం పెట్టాడు. "రూల్ మీదే కదా. ఇంటాయన సంతకం లేకుండా మా దగ్గర కత్తెర కూడా కదలదని పోయినేడు ఇదే స్టేజీ మీద చెప్పారు. ఎంత చప్పట్లు కొట్టారో జనం. నేనూ కొట్టాను."

ఆవిడ ఫారం మడత మళ్ళీ విప్పింది. బతిమాలింది. పెద్ద నర్సమ్మ, పేటలో మగవాళ్ళని కూడా గదమాయించే మనిషి, నలుగురు పనివాళ్ళ ముందు అల్లుడి కుర్చీ పక్కన వంగి "ఒక్క గీత గియ్యి బాబూ" అని అడిగింది. అతను లేచి నిలబడ్డాడు. ముఖ్య అతిథి వచ్చేశారన్నాడు. గేటు దగ్గర నాలుగు పెద్ద కార్లు ఆగాయి, దిగింది మాత్రం ఇద్దరే. డ్రైవర్లు ఇంజన్లు ఆపలేదు, కార్లు లోపల చల్లగా ఉండాలి కాబోలు.

వార్డులోకి వచ్చేసరికి కూతురు మెలకువగానే ఉంది. చేతికి రక్తం సీసా గొట్టం. చిన్న నర్సు పక్కన కూర్చుని నాడి చూస్తోంది. తల్లి చేతిలో ఖాళీ గడి ఉన్న ఫారం చూసి, కూతురు పెదవి ఒక పక్కకి లాగి నవ్వింది.

"పెట్టలేదు కదా."

"మళ్ళీ అడుగుతాను. సాయంత్రం నెమ్మదిగా కూర్చోబెట్టి..."

"వద్దు. నా బట్టల అల్మారాలో అడుగున ఇలాంటిదే ఒకటుందమ్మా. మూడేళ్ళు దాటింది."

పెద్ద నర్సమ్మకి అర్థం కాలేదు. చిన్న నర్సు మాత్రం తల దించేసుకుంది.

"మూడోవాడు పుట్టిన ఆరు నెలలకి ఇక్కడికి వచ్చాను," అంది కూతురు. గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. "నువ్వు ఏదో ట్రైనింగుకి వెళ్ళావు. నువ్వు లేని రోజే చూసుకుని వచ్చాను, నీకు తలవంపులెందుకని. ఈ పిల్లే ఫారం ఇచ్చింది. సంతకం తెమ్మంది. ఆయన్ని వారం అడిగాను. తర్వాత ఇంకో వారం ఏడ్చాను. పెట్టలేదు. అప్పుడు నీకు ఫోన్ చేశాను. గుర్తుందా? సంతకం లేకుండా ఎవరైనా వస్తే ఏం చేస్తారమ్మా అని అడిగాను."

గుర్తుంది. పెద్ద నర్సమ్మకి ఆ ఫోను బాగా గుర్తుంది. తను ఎంత నవ్విందో కూడా.

"నేనెందుకు అడుగుతున్నానో నువ్వు అడగలేదు. పకపకా నవ్వి, ఇస్త్రీ ఆవిడ కాలి వేలి కథ చెప్పావు. నా కళ్ళు గప్పడం ఎవరి తరమూ కాదే అన్నావు. నేనూ నవ్వాను, నువ్వు అవతల వింటున్నావు కాబట్టి. ఫోను పెట్టేసి ఏం చేశానో తెలుసా? మంచం మీద కూర్చుని నా కాలి వేలు చూసుకున్నాను. ఎంఏ చదివినదాన్ని... కాలి వేలు చేతి వేలిలా కనపడాలంటే ఎలా ఒత్తాలా అని చాలాసేపు ఆలోచించాను. ఆవిడకైనా ఆ ధైర్యం ఉంది. నాకు అదీ లేకపోయింది."

పెద్ద నర్సమ్మ మంచం చివర కూర్చుంది. ఏదో అనబోయింది. "రూల్ కదే..." అనే మాట సగంలో ఆగిపోయింది.

"ఆ గడి ఎవరు పెట్టారమ్మా?" అంది కూతురు. "ఏ చట్టంలో ఉంది? ఒంట్లోంచి పోయే నెత్తురు నాది, చచ్చేది నేను, సంతకం ఆయనదా? అడిగావా ఎవర్నైనా, ఒక్కసారైనా?"

అడగాల్సిన పనేముంది... ఆ గడి ఎవరు పెట్టారో పెద్ద నర్సమ్మకి తెలుసు. లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

ఆవిడ ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒకడు కర్ర పట్టుకుని ఆస్పత్రి మీద పడ్డాడు. నాకు చెప్పకుండా నా పెళ్ళానికి ఆపరేషన్ ఎలా చేశారంటూ అద్దాలు పగలగొట్టి, అప్పటి పెద్ద నర్సుని జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆ మర్నాడు ఈవిడ, ఇరవై ఏడేళ్ళ పిల్ల, స్కేలు పెట్టి ఎర్రసిరాతో ప్రతి ఫారం కింద ఒక గడి గీసింది. "భర్త సంతకం" అని రాసింది. ఎవరూ చెప్పలేదు. గొడవ మన మీదికి రాకుండా ఉంటే చాలనుకుంది. నాలుగేళ్ళకి పాత ఫారాలు అయిపోతే ప్రెస్సువాడు చేతిలో ఉన్న దాన్ని చూసి అచ్చు వేసేశాడు, గడితో సహా. అచ్చులో వచ్చింది కాబట్టి తర్వాత వచ్చిన నర్సులూ, డాక్టర్లూ పైనుంచి వచ్చిన రూలే అనుకున్నారు. పోనుపోనూ గీసిన మనిషి కూడా అలాగే అనుకుంది. నర్సులకి దెబ్బలు తగలకుండా గీసిన గీత అది. ఆ దెబ్బ ఎవరికి పోయి తగులుతోందో ముప్ఫై ఏళ్ళ పైన ఒక్కసారి కూడా చూసుకోలేదు.

"నేనే," అంది పెద్ద నర్సమ్మ.

"ఏంటమ్మా?"

"ఆ గడి నేనే గీశాను."

కూతురు తల్లి వంక చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పేసుకుంది. అంతకన్నా ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది.

బయట మైకులో పిలుస్తున్నారు. ముఖ్య అతిథి ప్రసంగం అయిపోయింది. భూమి మొయ్యలేకపోతోందని, పేదవాళ్ళు ఆలోచన లేకుండా కనేస్తున్నారని, మన పిల్లలకి నీళ్ళు మిగలవని చెప్పి చెప్పి చెమట తుడుచుకున్నాడు. ఇప్పుడు చాలమ్మగారు వేదిక మీదికొచ్చి ఆ కాలి వేలి కథ ఒక్కసారి చెప్పాలట. జనం అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

పెద్ద నర్సమ్మ వెళ్ళింది. యూనిఫామ్ అంచుకి నెత్తురు మరక అలాగే ఉంది. మైకు ముందు నిలబడి ముందు వరసలో కూర్చున్న అల్లుడి వంక చూసింది.

"కథ చెబుతాను," అంది. "ఒకావిడ కాలి వేలితో ముద్ర వేసి తెచ్చింది. నేను పట్టుకున్నాను. నవ్వాను. మీరూ నవ్వారు. ఆ తర్వాత ఏమైందో మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆవిడ అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి. నేను వెనక్కి పంపాక ఇంకో ఇద్దర్ని కన్నది. ఒకటి పురిట్లోనే పోయింది. ఆవిడ ఇప్పుడు హాల్లో బెంచీ మీద ఉంది. పొద్దున ఏడింటి నుంచి గుక్కెడు నీళ్ళు లేకుండా కూర్చుంది. పొద్దున మా అమ్మాయిని మోసుకుంటూ ఆ బెంచీ పక్కగా వెళ్ళినప్పుడు కూడా నా కళ్ళు ఆవిడ చేతిలో ఫారం ఉందా, సంతకం ఉందా అనే చూశాయి."

షామియానాలో నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ బల్ల మీద సీసా ఒకటి ఎత్తింది. రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసా.

"ఈ బల్ల మీద ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. ఆవిడ ఇంట్లో అందరూ కలిసి రెండ్రోజులు తాగే నీళ్ళు, ఇవాళ మనం సగం సగం తాగి పారేస్తాం. బయట నాలుగు కార్లు ఇంకా ఆగకుండా పొగ వదులుతున్నాయి. నీళ్ళన్నీ తాగేసింది ఆవిడ పిల్లలట. లోపల గోడ మీద నేను వేయించిన బొమ్మ ఉంది. భూమి మీంచి జారి పడిపోతున్న వాళ్ళు ఎవరో వెళ్ళి చూడండి. అందరూ ఆడవాళ్ళే, చంకలో పిల్లలతో. ఒక్క బోరు లేదు ఆ బొమ్మలో, ఒక్క కారు లేదు, సంతకం పెట్టని మొగుడు ఒక్కడు లేడు. కనమని ఒకరంటారు, కన్నందుకు ఇంకొకరు తిడతారు. కనేదాన్ని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నా కూతుర్ని కూడా అడగలేదు. నాకు సన్మానం వద్దు."

మైకు ఆపకుండానే దిగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతమందిలో ఒక పనివాడు మాత్రం చేతిలో ఉన్న సీసాల పెట్టె వంక చూసుకుని, దాన్ని అలాగే ఎత్తుకుని హాల్లో బెంచీల దగ్గర దింపాడు.

పెద్ద నర్సమ్మ ఆఫీసు గదిలో ఫారాల కట్ట మొత్తం బల్ల మీద పెట్టుకుంది. సొరుగులోంచి స్కేలు తీసింది. ఎర్ర పెన్ను తీసింది. ఒక్కొక్క ఫారం మీద ఆ గడికి అడ్డంగా గీత కొట్టడం మొదలుపెట్టింది. చిన్న నర్సు ఇంకో స్కేలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "నేను ఎంతమందిని పంపేశానో అక్కా," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "లెక్క కూడా లేదు."

"నేర్పింది నేను. ముందు గీత కొట్టు. ఏడవడానికి టైం ఉంటుంది."

అల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. "నలుగుర్లో నా పరువు తీశారు అత్తయ్యగారూ. సరే, పెద్దవాళ్ళు, పడతాను. కానీ నా సంతకం లేకుండా నా పెళ్ళాం మీద ఎలా చెయ్యి వేస్తారో చూస్తాను."

"చూడండి," అంది వెనక నుంచి డాక్టరమ్మ. "ఆవిడ సంతకం చాలు. ఎప్పుడూ చాలేది. నేనిక్కడికి వచ్చి రెండేళ్ళయింది, అచ్చులో ఉంది కదా అని నేనూ అడగలేదు. అది నా తప్పు. మీరు చెయ్యాల్సింది ఒకటుంది. స్కూలు వదిలే టైమయింది, వెళ్ళి పిల్లల్ని తీసుకొచ్చుకోండి."

అతను ఇంకా ఏదో అనబోయాడు. వార్డు తలుపు తెరిచే ఉంది. మంచం మీద నుంచి పెళ్ళాం అతని వంక చూస్తోంది. కోపంగా కూడా కాదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది. పదకొండేళ్ళ కాపురంలో అతను ఎన్నడూ చూడని చూపు అది. అతను తల వంచుకుని పిల్లల కోసం వెళ్ళాడు.

పెద్ద నర్సమ్మ గడి కొట్టేసిన ఫారం తీసుకెళ్ళి కూతురి ముందు పెట్టింది. రక్తం ఎక్కుతున్న చెయ్యి కదలకూడదు కాబట్టి ఎడమ చేత్తో, చిన్నపిల్లలు రాసినట్టు వంకరటింకరగా సంతకం పెట్టింది కూతురు. పెట్టి పెన్ను తిరిగి ఇచ్చేసింది.

"నాకు కోపం తగ్గలేదమ్మా."

"తగ్గించుకోకు."

"చాలాకాలం తగ్గదు."

"ఉండనీ. నీ కోపం పడటానికి రిటైరయి ఇంట్లోనే ఉంటాగా," అంది తల్లి. అప్పుడు గ్లాసులో నీళ్ళు పోసి కూతురి నోటికి అందించింది. పొద్దున ఇవ్వాల్సిన నీళ్ళు. కూతురు తాగింది.

తర్వాత ఇస్త్రీ ఆవిడని లోపలికి పిలిచారు. ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని, బెదురుతూ బెదురుతూ వచ్చి బల్లకి ఆమడ దూరంలో నిలబడింది. మళ్ళీ తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చినట్టుంది. "ఈసారీ ఆయన రాలేదు నర్సమ్మా. ఊళ్ళోనే లేడు. మమ్మల్నొదిలి వెళ్ళి ఏడు నెలలైంది. నిజంగా చెబుతున్నా."

పెద్ద నర్సమ్మ సిరా డబ్బా మూత తీసి ఆవిడ ముందుకి జరిపింది. "ఆయన అక్కర్లేదమ్మా. నీ వేలిముద్ర వెయ్యి."

ఆవిడ నమ్మలేదు. చిన్న నర్సు వంక చూసింది, డాక్టరమ్మ వంక చూసింది. "చేతిదేనా?" అంది.

ఎవరూ నవ్వలేదు. "చేతిదే," అంది పెద్ద నర్సమ్మ.

ఇస్త్రీ పెట్టె వేడికి కాయలు కాసిన చేతి బొటనవేలు సిరాలో అద్ది, ఫారం మీద నెమ్మదిగా ఒత్తింది ఆవిడ. వేలు తీసి ఆ ముద్ర వంక చూసుకుంది. అలా చూస్తూనే, తల ఎత్తకుండా అడిగింది.

"అంటే... అప్పుడు కూడా ఇది సరిపోయేదా నర్సమ్మా?"

ముప్ఫై మూడేళ్ళలో పెద్ద నర్సమ్మ ఎన్నో ప్రశ్నలకి ఠక్కున జవాబు చెప్పిన మనిషి. సిరా డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసింది.

"సరిపోయేది," అంది.

ఇస్త్రీ ఆవిడ తిట్టలేదు. ఏడవలేదు. పోయిన బిడ్డ గురించి ఒక్క మాట కూడా అనలేదు. సిరా వేలు చంటిదాని గౌనుకి అంటకుండా ఎత్తి పట్టుకుని, బయటికి వెళ్ళి, తన బెంచీ మీద తను కూర్చుంది. పెద్ద నర్సమ్మ ఆ ఖాళీ గుమ్మం వంక చూస్తూ అక్కడే కూలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది బయట పలక మీద వరస రాస్తున్నారు. పెద్ద నర్సమ్మ సుద్దముక్కతో మొదట తన కూతురి పేరు రాసింది, రెండోది ఇస్త్రీ ఆవిడ పేరు. స్ట్రెచర్ మీద పడుకున్న కూతురు తల తిప్పి ఆ పలక చదివింది. నిన్నటి నుంచి తల్లితో పొడిపొడిగా తప్ప మాట్లాడని మనిషి, చెయ్యి చాచి తల్లి చేతిలో సుద్దముక్క పట్టుకుని ఆపింది.

"నా పేరు కిందికి దించమ్మా," అంది. "ఆవిడని ముందు పంపు. నాకన్నా ముందు నుంచీ ఎదురు చూస్తోంది."